రోగి పక్కన కూర్చున్నందుకు క్షమాపణ చెప్పను

నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తామని ఒకసారి తోటివాళ్ళందరి ముందూ నిలబెట్టి బెదిరించారు. మందు మార్చి ఇచ్చినందుకు కాదు, డ్యూటీలో నిద్రపోయినందుకు కాదు. ఊపిరాడక కొట్టుకుంటున్న ఒక ముసలమ్మ పక్కన కూర్చున్నందుకు. ఆ రోజు నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని దాచను, ఇక్కడే రాస్తాను. కానీ కూర్చోవడం తప్పు కాదు. అప్పుడూ ఆ మాటే అన్నాను, ఉద్యోగం నుంచి దిగిపోయిన ఇప్పుడూ అదే అంటున్నాను.

నా పేరు సామ్యేల్. మాది కోటగిరి దిక్కు పల్లె. అమ్మానాన్నలు కాలువ కింది పొలాల్లో నాట్లకూ కోతలకూ పోయిన కూలీలు. నేను ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం బాన్సువాడలోనే, గుండె జబ్బు రోగులను పెట్టే ఐసీయూలో. నేను చెప్పబోయే దవాఖాన ఇప్పుడు లేదు. ఒక డాక్టరు గారు సొంతంగా పెట్టి, కొన్నేళ్ళు నడిపి మూసేశారు. ఆ కట్టడంలో ఇప్పుడు బట్టల దుకాణం ఉంది. దవాఖాన పేరు గానీ ఆయన పేరు గానీ రాయను. కోపం తీర్చుకోవడానికి కాదు నేను కలం పట్టింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పుస్తకాల్లో లేని సంగతి ఒకటి చెప్పాలని.

మొగోడివై నర్సేంది?

ట్రైనింగ్ పూర్తిచేసుకుని ఊరికి పోతే మా మేనమామ నలుగురిలో నిలదీశాడు.

"మొగోడివై నర్సేందిరా? సూదులేసుడు, మూతులు తుడుసుడు ఆడోళ్ళ పని గాదా?"

"నీకు గుండె నొస్తే అప్పుడు చూద్దాం మామా, ఎవరి పనో" అన్నాను. మామ నెల రోజులు నాతో మాట్లాడలేదు.

దవాఖానలోనూ ఆ చూపే ఉండేది. మగ నర్సును 'బ్రదర్' అని పిలుస్తారు. ఆక్సిజన్ సిలిండర్ జరపాలంటే బ్రదర్. లావుపాటి మనిషిని పక్కకు తిప్పాలంటే బ్రదర్. తాగి వచ్చి గొడవ చేసే బంధువును బయటికి పంపాలంటే బ్రదర్. రోగి నుదుటి మీద చెయ్యి వేయడం, దగ్గరుండి మాట్లాడటం సిస్టర్ల వంతు. మొదట్లో నేనూ అంతే అనుకున్నాను. ఆ తెలివితక్కువతనాన్ని ఒక కేరళ ఆవిడ వదిలించింది.

నాలుగో మంచం మీద ఒక పూట

లీలమ్మ సిస్టర్ మా ఐసీయూ ఇన్‌ఛార్జి. పొట్టి మనిషి, చురుకైన నడక. మన దగ్గరికి వచ్చి ఇరవై ఏళ్ళయినా తెలుగు సరిగా పట్టుబడలేదు, పట్టుబడలేదన్న సిగ్గూ లేదు. నేను చేరిన మొదటి రోజు పొద్దున నన్ను ఎగాదిగా చూసి, "చెప్పు విప్పు, పడుకో" అంది.

నాలుగో మంచం ఖాళీగా ఉంది. నన్ను దాని మీద పడుకోబెట్టి ఛాతీకి మానిటర్ వైర్లు అంటించింది. వేలికి క్లిప్పు, చేతికి బీపీ పట్టీ, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. "ఒంటి గంట వరకు లేవకూడదు. నీళ్ళు కావాలంటే అడగాలి. నడవకూడదు, కూర్చోకూడదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

మొదటి పావుగంట నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. పైకప్పు తప్ప ఏమీ కనిపించదు. అడుగుల చప్పుడు దగ్గరికి వస్తుంది, నా కోసమే అనుకుంటాను, దాటిపోతుంది. ఎవరూ చెప్పకుండానే బీపీ పట్టీ చేతిని పిండుతుంది. ఇద్దరు సిస్టర్లు నా మీదుగా ఒకరితో ఒకరు హాస్టల్ కూర గురించి మాట్లాడుకున్నారు. ఒకామె నన్ను చూపించి "నాలుగుకు నీళ్ళు ఇచ్చినవా?" అంది. రెండు గంటల్లో నేను సామ్యేల్ కాదు, నాలుగు అయిపోయాను. ఇంతలో ఎక్కడో గంట మోగడం మొదలైంది. ఆపకుండా మోగుతోంది. నాదా, పక్కవాళ్ళదా? ఎవరూ చెప్పరు. నాకు ఏ జబ్బూ లేదని నాకు తెలుసు, అయినా లేచి కూర్చోబోయాను.

లీలమ్మ వచ్చి నా ముఖానికి ఎదురుగా, నాకు కనిపించేలా నిలబడింది. "సామ్యేల్, మోగింది నీది కాదు. ఆ మంచం వైరు ఊడింది. పెట్టేశాను. నీది బాగుంది."

అంతే. ఛాతీ మీంచి బరువు దిగినట్టయింది. ఆవిడ మానిటర్‌ను నా వైపు తిప్పింది. గంట మోగుతున్నప్పుడు నూటికి పైన కొట్టుకున్న గుండె ఎనభైకి దిగి ఉంది.

"ఏ మందు ఇచ్చాను నీకు?" అని అడిగింది.

"ఏమీ ఇయ్యలే" అన్నాను.

"మంచి గుండె ఉన్న నీకే ఇట్లా. సగం చెడిన గుండె ఉన్నవాడికి?"

నా చదువంతా ఒక ఎత్తు, ఆ పూట ఒక ఎత్తు. భయపడ్డ గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, ఎక్కువ కొట్టుకుంటే ఎక్కువ రక్తం కావాలి, ఆ రక్తం అందకే కదా అది జబ్బు పడింది? కాబట్టి భయం తగ్గించడం దయ కాదు, మర్యాద కాదు. వైద్యం. ఇది ఒప్పుకోని డాక్టర్లతో నేను జీవితమంతా పోట్లాడాను. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు. నాకేమీ చింత లేదు.

'ఏం కాదు'

పక్కన ఉంటే చాలదు, అక్కడ ఏం మాట్లాడుతున్నామో కూడా చూసుకోవాలి. ఇది నేర్చుకోవడానికి నేను ఒక మనిషికి అన్యాయం చేశాను.

గంగారాం మా కోటగిరి దిక్కువాడే. యాభై దాటిన రైతు. వరి కోత మిషన్ వెనుక నడుస్తూ ఛాతీ పట్టుకుని కూలబడితే ట్రాక్టర్ మీద తెచ్చారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాం. నొప్పి తగ్గింది కానీ బీపీ నిలబడటం లేదు. మర్నాడు మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచాడు.

"తమ్మీ, నిజం జెప్పు. నాకు మంచిగనిపిస్తలేదు. మా సాయవ్వను జర పిలుస్తవా? ఒక్క మాట జెప్పేదుంది."

ఇంటివాళ్ళను లోపలికి పంపే సమయం నాలుగింటికి. అప్పుడు ఒంటిగంట దాటింది. నేను ఆయన భుజం తట్టి, "ఏం కాదన్నా. నాలుగింటికి వస్తది గదా, అప్పుడు జెప్పు. రేపో ఎల్లుండో ఇంటికే పోతవ్" అన్నాను. పెద్ద ధైర్యం చెప్పాననుకున్నాను. బయట కూర్చున్న ఆయన భార్య సాయవ్వకు కూడా అదే చెప్పాను. "ఏం కాదవ్వా, పోయి ఇంత తినిరా."

రెండున్నరకు గంగారాం గుండె ఆగింది. ఎంత చేసినా తిరిగి రాలేదు.

సాయవ్వ అన్నం తిని వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె ఏడవలేదు. నన్నే చూస్తూ అడిగింది.

"ఏమన్న జెప్పిండా, కొడకా?"

"నిన్ను పిలవమన్నడు. ఒక మాట జెప్పేదుందన్నడు."

"మరి పిలవకపోతివి?"

"నాలుగింటికి వస్తవు గదా అని..." అన్నాను.

"నువ్వు ఏం గాదంటెనే నేను అన్నానికి పోయిన" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ మాట అని లేచి తన మనుషుల దగ్గరికి వెళ్ళిపోయింది. గంగారాం చెప్పాలనుకున్నదేమిటో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

నేను ఆ 'ఏం కాదు' అన్నది గంగారాం కోసం కాదు. ఆయన కళ్ళలోని భయం నేను భరించలేక, నా కోసం అన్నాను. మీరు కూడా అంటారు, అది నోటికి చాలా సులభంగా వస్తుంది. దాన్ని మింగేయండి. ఆ తర్వాత నేను ఎవరికీ ఆ మాట చెప్పలేదు. "గుండె బలహీనంగా ఉన్నది. బీపీ కోసం మందు ఎక్కిస్తున్నం. నేను ఈడనే ఉన్న" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిజం విని భయపడ్డవాళ్ళు తక్కువ. మనం అబద్ధం చెబుతున్నామని మన ముఖంలో చూసి భయపడ్డవాళ్ళే ఎక్కువ. ఇక రోగి పిలవమన్న మనిషిని ఏ సమయమైనా పిలిచాను. దానికి తిట్లు తిన్నాను. తిన్నందుకు బాధ లేదు.

సోనీబాయి

ఇప్పుడు ఆ ముసలమ్మ సంగతి.

సోనీబాయి తండా నుంచి వచ్చింది. గుండె బలం తగ్గి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అలాంటివాళ్ళకు ముక్కూ నోరూ కలిపి మూసే గట్టి మాస్క్ పెట్టి, యంత్రంతో గాలి లోపలికి పంపుతాం. ఊపిరి నిలబెట్టేది అదే. కానీ ఊపిరాడని మనిషి ముఖం మీద ఏదో అదిమితే గొంతు నొక్కుతున్నట్టే ఉంటుంది. ఆమె మూడుసార్లు మాస్క్ లాగి పారేసింది. పైగా దాన్ని పెట్టబోతున్నది నేను, ముక్కూమొహం తెలియని మగవాణ్ణి. నా చెయ్యి ఆమె చెంపకు తగలగానే ముఖం తిప్పేసుకుని లంబాడీలో గట్టిగా కేకలు పెట్టింది. పెదాలు నీలమవుతున్నాయి.

పెద్ద డాక్టరు గారు, అంటే ఆ దవాఖాన యజమాని, అప్పుడే వచ్చి చూశారు. "చేతులు కట్టేయండి. మాస్క్ ఊడితే గొంతులో గొట్టం వేయాల్సి వస్తుంది. ఈ వయసులో మళ్ళీ దాన్ని తీయడం ఉండదు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కట్టేయడానికి ఆయా కట్టుబట్ట చుట్ట తెచ్చింది. నేను ఆమె చేతిలోంచి తీసుకుని నా జేబులో పెట్టుకున్నాను.

"పది నిమిషాలు ఇయ్యండి సార్" అన్నాను.

"పది నిమిషాల్లో ఏం చేస్తావు?"

"కట్టకుండ చూస్త."

ఆయన గడియారం చూసుకుని ఓపీకి వెళ్ళిపోయారు. నేను తలుపు తీసి బయట నేల మీద కూర్చున్న ఆమె కోడలిని, లక్ష్మిని, లోపలికి పిలిచాను. ఐసీయూలోకి ఇంటివాళ్ళు రాకూడదన్నది నియమం. ఆ పిల్ల భయపడింది. "నేనొస్తె ఏమంటరో సారూ?"

"ఏమన్న అంటె నన్నంటరు. నువ్వు రా."

లక్ష్మి చేతులు కడిగించి మాస్క్ ఆమెకే ఇచ్చాను. పట్టీ బిగించొద్దు, ఊరికే ముఖానికి దగ్గరగా పట్టుకో, వద్దన్నప్పుడు తీసెయ్ అని చెప్పాను. మాస్క్ తీసెయ్యొచ్చు అని తెలిస్తేనే మనిషి దాన్ని ఉంచుకుంటాడు. లక్ష్మి తమ మాటలో అత్తకు చెప్పింది. నేను మంచం పక్కన స్టూలు వేసుకుని, సోనీబాయి కళ్ళకు నా కళ్ళు సమంగా వచ్చేలా కూర్చున్నాను. చెయ్యి తాకలేదు. "యాడీ" అని పిలిచాను. యాడీ అంటే అమ్మ. వాళ్ళ మాటలో నాకు వచ్చింది ఆ ఒక్కటే. తర్వాత నా ఛాతీ మీద నా చెయ్యి పెట్టుకుని మెల్లగా ఊపిరి పీల్చి, మెల్లగా వదిలాను. మళ్ళీ పీల్చాను, మళ్ళీ వదిలాను. ఆమె నన్నే చూస్తోంది. మొదట అనుమానంగా, తర్వాత కోపంగా. ఆ తర్వాత ఎప్పుడో, ఏ క్షణమో చెప్పలేను, ఆమె ఊపిరి నా ఊపిరితో కలిసింది. లక్ష్మి మాస్క్‌ను ఇంకొంచెం దగ్గరికి జరిపింది. సోనీబాయి తోసేయలేదు.

పదో నిమిషానికి పట్టీ బిగించాం. చేతులు కట్టలేదు. ఆ చేతుల్లో ఒకటి లక్ష్మి కొంగు పట్టుకుని ఉంది.

నేను లేవలేదు. లేస్తే ఆమె కళ్ళు నా వెంట వస్తున్నాయి, ఊపిరి తడబడుతోంది. అందుకని అలాగే కూర్చున్నాను.

ఆరో మంచం

నేను చేసిన తప్పు ఇది. ఆ పొద్దున ఎనిమిది మంచాలకు మేం ఇద్దరమే. నేను, లీలమ్మ. లీలమ్మ మందుల కోసం తలుపు దాకా వెళ్ళింది. నేను సోనీబాయికి ఎదురుగా, మిగతా గదికి వీపు పెట్టి కూర్చున్నాను. నా వెనక ఆరో మంచం మీద విఠల్ అనే లారీ డ్రైవర్ ఉన్నాడు. మద్నూర్ మనిషి, నలభై ఏళ్ళవాడు, గుండెపోటు వచ్చి రెండో రోజు.

గంట మోగింది. పొద్దున్నుంచీ సోనీబాయి యంత్రం గంట మోగుతూనే ఉంది కాబట్టి అదే అనుకున్నాను. తిరిగి చూడలేదు.

"సామ్యేల్! ఆరు!" లీలమ్మ కేక.

తిరిగి చూస్తే విఠల్ కళ్ళు పైకి పోయాయి. మానిటర్ మీద గీత పిచ్చిగా వణుకుతోంది. ఒక్క దూకులో వెళ్ళి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. లీలమ్మ షాక్ యంత్రం లాక్కొచ్చింది. ఒక షాక్‌కు రాలేదు. రెండోదానికి వచ్చింది. కొంతసేపటికి విఠల్ కళ్ళు తెరిచి నన్ను చూసి, "కాయ్ ఝాలా?" అన్నాడు. ఏమైంది అని.

ఎన్ని క్షణాలు పోయాయో తెలియదు. కానీ పోయాయి. నేను గదికి ముఖం పెట్టి కూర్చుని ఉంటే పోయేవి కావు. పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి: కూర్చోండి, కానీ వీపు గోడకు ఉండాలి.

మధ్యాహ్నం విఠల్ నెమ్మదించాక ఆయన దగ్గరికి వెళ్ళాను.

"విఠలన్నా, పొద్దున నీ గుండె ఆగింది. అప్పుడు నేను అటు తిరిగి కూసున్న. జర ముందే చూడాల్సింది. నాది తప్పు."

"ఎవల్ని జూస్తుంటివి?"

"గా అవ్వను."

ఆయన తల కొంచెం ఎత్తి సోనీబాయి వైపు చూశాడు. మాస్క్‌తోనే ఆమె కునుకు తీస్తోంది. "ఆమెకెట్లుంది?"

"పొద్దుటి కంటె నయం."

"గట్లనా. ఇగ మంచిదే" అన్నాడు విఠల్. అని కళ్ళు మూసుకున్నాడు.

అందరి ముందూ

నాలుగు గంటలకు పెద్ద డాక్టరు గారు మమ్మల్నందరినీ తన గదికి పిలిచారు. సిస్టర్లు, ఆయాలు, డ్యూటీ డాక్టరు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆయన చేతుల మీద బతికిన గుండెలు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో చాలా ఉన్నాయి. కానీ కొత్తగా ఒక పెద్ద తెర తెప్పించి నర్సుల బల్ల దగ్గర పెట్టించారు. ఎనిమిది మంచాల గుండెలూ దాని మీద కనిపిస్తాయి. నర్సులు ఆ తెర ముందే ఉంటే చాలు, మంచాల చుట్టూ తిరగడం దండగ అని ఆయన నమ్మకం.

"ఐసీయూ అంటే కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు కాదు" అన్నారు. "పేషెంట్‌కు కావలసింది మందు, మానిటర్. నీ ముఖం కాదు. నువ్వు కూర్చోవడం వల్ల ఈ రోజు ఒక మనిషి చావబోయాడు. రేపటి నుంచి ఐసీయూలో స్టూళ్ళు ఉండవు. నువ్వు ఇప్పుడు అందరి ముందూ చెప్పు. రోగి దగ్గర కూర్చోవడం తప్పు, క్షమించండి, ఇక కూర్చోను అని."

నేను లీలమ్మ వైపు చూశాను. ఆవిడ నేల చూస్తోంది. ఆ గదిలో నాకు నిజంగా నొప్పి కలిగించింది అదొక్కటే.

"వీపు తిప్పి కూసునుడు తప్పు సార్" అన్నాను. "ఆ తప్పుకు క్షమాపణ ఎవరికి జెప్పాల్నో ఆయనకు జెప్పిన. ఆరో మంచం కాడికి పోయి అడగండి. కూసునుడే తప్పని మాత్రం జెప్పను."

"ఎదురు మాట్లాడుతున్నావా?"

"మాట్లాడుతున్న సార్. ఎనిమిది మంచాలకు ఇద్దరమే ఉన్నం. ఒకరు మందుకు పోతే ఒక్కరే. మీ తెర అన్నీ చూపిస్తది, నేను కాదంటలేను. కానీ అది సోనీబాయి ముఖానికి మాస్క్ పెట్టలేదు. మనుషులను పెంచండి. స్టూళ్ళు తీస్తె ఏమొస్తది?"

ఆయన ముఖం ఎర్రబడింది. "క్షమాపణ చెప్పకపోతే రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

"డ్యూటీ లిస్టుల నా పేరు ఉంది సార్. నేనొస్త. ఆపితె గేటు కాడ ఆపండి."

ఇంటికి వచ్చి ఈ సంగతి నా భార్యకు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర రొట్టె కాలుస్తోంది. "మరి ఆ అవ్వ బతికిందా?" అని అడిగింది. బతికే ఉందన్నాను. "అయితె పొద్దుగాల పో" అంది.

మర్నాడు పొద్దున

గేటు దగ్గర నన్నెవరూ ఆపలేదు. ఐసీయూలోకి వెళ్ళేసరికి స్టూళ్ళు నిజంగానే లేవు. గోడ పక్కన వాటి కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి.

లీలమ్మ సోనీబాయి మంచం దగ్గర ఉంది. నిలబడి కాదు. మా మంచాలు ఎత్తైనవి కదా, రోగులు ఎక్కి దిగడానికి ప్రతి మంచానికీ రెండు మెట్ల ఇనుప బల్ల ఒకటి ఉంటుంది. రోగికి కావలసిన వస్తువు కాబట్టి దాన్ని ఎవరూ తీసేయలేరు. ఆవిడ దాని మీద కూర్చుంది, వీపు గోడకు, ముఖం గదికి. మోకాళ్ళు దాదాపు గడ్డానికి తగులుతున్నాయి. సోనీబాయి చెయ్యి ఆవిడ చేతిలో ఉంది.

"నిన్న నేను మాట్లాడలేదు" అంది నన్ను చూసి. "భయపడ్డాను. తప్పు అది."

నేను వెళ్ళి విఠల్ మంచం పక్కన మెట్ల బల్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం డ్యూటీ సిస్టర్లు ఇద్దరు తమ సమయానికి ముందే వచ్చారు. వాళ్ళను ఎవరు రమ్మన్నారో నేను అడగలేదు. ఒకామె రెండో మంచం దగ్గర, ఇంకొకామె ఏడో మంచం దగ్గర కూర్చున్నారు.

పది గంటలకు పెద్ద డాక్టరు గారు రౌండ్లకు వచ్చారు. తలుపులోనే ఆగిపోయారు. తెల్లబట్టల్లో నలుగురం, నేలకు జానెడు ఎత్తులో, ఒక్కో మంచం పక్కన ఒక్కొక్కరం. ఎవరం లేవలేదు. నా గుండె ఎంత కొట్టుకుందో ఆ పెద్ద తెరకు తగిలిస్తే తెలిసేది.

ఆయన నా వైపే వచ్చారు. నోరు తెరవబోయారు. అంతకు ముందే విఠల్ మాట్లాడాడు.

"సాబ్, నా పేరు జెప్పి ఈయన్ని తిట్టిండ్రంట. వద్దు సాబ్."

"నీకు తెలియదు. ఇతను చూసి ఉంటే..."

"ఎర్కనే సాబ్. ఆయననే జెప్పిండు, తప్పయిందని. ఇరవై ఏండ్లు లారీ నడిపిన. తప్పు జేసి వచ్చి నాదే తప్పు అన్నోన్ని నేను జూడలే." విఠల్ ఆయాసపడి ఆగాడు. "నిన్న కండ్లు తెరిస్తె పైన ఈయన ముఖం కనపడ్డది. అప్పుడు ఎర్కైంది, నేను సావలేదని. మిషన్ జూస్తె నాకేం దెలుస్తది సాబ్?"

డాక్టరు గారు స్టెతస్కోప్ తీసి ఆయన ఛాతీ విన్నారు. అక్కడి నుంచి సోనీబాయి దగ్గరికి వెళ్ళారు. లీలమ్మ ఉన్న వైపు చోటు లేదు కాబట్టి అవతలి వైపు తిరిగి వెళ్ళి వంగి విన్నారు. "నీరు తగ్గింది. సాయంత్రం మాస్క్ తీసి చూడండి" అన్నారు. అందరినీ చూసి వెళ్ళిపోయారు. నా ఉద్యోగం గురించి మళ్ళీ ఎత్తలేదు. తీసేయాలంటే అందరినీ తీసేయాలి మరి.

స్టూళ్ళు ఎప్పటికీ తిరిగి రాలేదు. కానీ కొన్ని వారాలకు పగటి డ్యూటీలో మూడో నర్సు వచ్చింది. మాస్క్ పెట్టే ఆడ రోగుల దగ్గర ఇంటి మనిషి ఒకరు ఉండవచ్చని నోటిమాటగా ఒప్పుకున్నారు. నేను చెప్పింది సరైనదని ఆయన అనలేదు. నేనూ ఆయన నోటి నుంచి ఆ మాట ఆశించలేదు. సోనీబాయి తొమ్మిదో రోజు నడిచి ఇంటికి పోయింది. విఠల్ కూడా పోయాడు. లారీ మాత్రం మళ్ళీ నడపొద్దన్నాం.

అందరూ అలా నడిచి పోలేదు. మా కళ్ళ ముందే, మేం పక్కన ఉండగానే చనిపోయినవాళ్ళు చాలామంది. దగ్గర కూర్చుంటే చావు ఆగుతుందని నేను ఎవరికీ చెప్పను. ఒంటరిగా, పైకప్పు చూస్తూ పోకుండా ఆపవచ్చు. అది చిన్న పని అనేవాళ్ళు ఒక పూట ఆ మంచం మీద పడుకుని వచ్చి నాతో మాట్లాడాలి.

ఆఖరి రోజు

ఆ దవాఖాన మూతపడ్డాక ఊళ్ళోనే ఇంకోచోట చేరి అరవై నిండేదాకా పనిచేశాను. ఆఖరి రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మేడ మీద హాల్లో నాకు సన్మానం పెట్టారు. శాలువా, మైకు, బిర్యానీ.

ఆ పొద్దున నాకు అనిత అనే అమ్మాయిని అప్పగించారు. మహమ్మద్ నగర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. కాన్పయి మూడు వారాలు. కొందరికి కాన్పు తర్వాత గుండె నీరసపడుతుంది, ఆమెకు అదే. రెండు రోజులుగా కన్ను మూయలేదు. నిద్రమందు ఇవ్వడానికి డాక్టర్లు జంకుతున్నారు.

"ఎందుకు పండుకుంటలేవు బిడ్డా?" అని అడిగాను.

"కన్ను మూస్తే మళ్ళ తెరుస్తనో లేదో అని సార్. పసిగుడ్డు ఇంటి కాడ ఉంది."

నేను ఆమెకు మానిటర్ చూపించి, ఏ గీత ఏమిటో, ఏది మారితే గంట మోగుతుందో, మోగితే నేనేం చేస్తానో అంతా చెప్పాను. చదువుకున్న పిల్ల, నాలుగు ప్రశ్నలు అడిగింది. "నువ్వు పండుకో. గీతలు నేను చూస్త. నువ్వు లేచేదాక నీకు చెప్పకుండ యాడికి పోను" అన్నాను.

ఒంటిగంట దాటాక ఆమె నిద్రపోయింది. ఒంటిగంటన్నరకు ఫోన్ వచ్చింది.

"సామ్యేల్ గారూ, అందరు ఎదురుచూస్తుండ్రు. డైరెక్టర్ సార్ కూడ వచ్చిండు. రెండు నిమిషాలు వచ్చి పోరాదు?"

"పేషెంట్ పండుకుంది. లేచేదాక ఉంటనని మాటిచ్చిన."

"స్వప్న సిస్టర్ ఉంది గదా అక్కడ?"

"ఉంది. కానీ మాటిచ్చింది నేను. మీరు బిర్యానీ తినుండ్రి."

ఇంకో రెండుసార్లు ఫోన్ వచ్చింది. డైరెక్టర్ గారికి కోపం వచ్చిందని తర్వాత తెలిసింది. రెండింటికి నా డ్యూటీ అయిపోయింది, నా ఉద్యోగమూ అయిపోయింది. మేడ మీద మైకులో ఎవరో నా గురించి మాట్లాడుతున్నారు, కింద దాకా వినిపిస్తోంది. నా సేవల గురించి. నేను గీతలు చూస్తున్నాను.

నాలుగింటికి పావుగంట తక్కువగా అనిత కళ్ళు తెరిచింది. ముందు పైకప్పు చూసింది, తర్వాత మానిటర్, తర్వాత నన్ను.

"ఎంతసేపు పన్న సార్?"

"రెండున్నర గంటలు."

"గంట మోగలేదా?"

"ఒకసారి మోగింది. నీ వేలి క్లిప్పు జారితె. పెట్టిన." స్వప్నను దగ్గరికి పిలిచాను. "ఈమె పేరు స్వప్న. ఇగ సాయంత్రం దాక ఈమె ఉంటది. నేను పోయేదుంది."

అనిత స్వప్నను చూసింది. మళ్ళీ నా వైపు తిరిగింది. "సార్, ఇయ్యాల మీకు సన్మానం అని సిస్టర్లు అనుకుంటుంటే విన్న. పోలేదా?"

"పోలే."

"అయ్యో, నన్ను లేపితే అయిపోతుండె గదా!"

"రెండు దినాలకు పన్నవ్. నేనెట్ల లేపుత?"

ఆమె నవ్వింది. ఆ రెండు రోజుల్లో మొదటిసారి అని స్వప్న తర్వాత చెప్పింది. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, స్వప్న చెయ్యి పట్టుకుని, నాతో అంది.

"ఇగ పోండి సార్. నాకు భయమైతలేదు."

వెళ్ళాను.